మాది కాదు, పక్కాయనది

రెండు ఇంధనాల బండి కొంటే రంది ఉండదని అమ్మినాయన చెప్పాడు. గ్యాస్ అయిపోతే పెట్రోల్, పెట్రోల్ అయిపోతే గ్యాస్. బండి మొరాయిస్తే గ్యాస్ మెకానిక్కుకు పెట్రోల్ మెకానిక్కూ, ఆయనకు ఈయనా తప్పు నెట్టేయడానికి దొరుకుతారన్న సంగతి మాత్రం చెప్పలేదు.

బొల్లారం పారిశ్రామికవాడలో మాది అట్టపెట్టెల వ్యాపారం. మందుల కంపెనీలకు సరుకు వేయడానికి సెకండ్‌హ్యాండ్ చిన్న ట్రాలీ ఒకటి తీసుకున్నాం. డాలా కింద సీఎన్‌జీ సిలిండర్లు, పేరుకు 5 లీటర్ల పెట్రోల్ ట్యాంకు. పెట్రోల్ మీద స్టార్టయి, ఇంజను వేడెక్కగానే దానంతటదే గ్యాస్‌కి మారాలి. డిసెంబరు రాగానే ఆ మారడం మానుకుంది. పొద్దున్నే బయల్దేరితే బాచుపల్లి దాటినా ఇంధనం మార్చే స్విచ్ మీద లైటు మిణుకుమిణుకుమంటూ ఊరించడమే. ఒకవేళ మారినా, నాలుగు మలుపులు తిరిగేసరికి బీప్ బీప్‌మని మళ్లీ పెట్రోల్లోకి వచ్చేది. సిలిండర్ల నిండా గ్యాస్ పెట్టుకుని రోజూ పెట్రోల్ బంకుకి పోతుంటే అక్కడి కుర్రాళ్లకు నవ్వులాటయింది.

గ్యాస్ మెకానిక్కుకు కబురు పెట్టాం. ఆయన సికింద్రాబాద్ పక్క బొల్లారం వెళ్లి, రాష్ట్రపతి నిలయం గోడ దగ్గర నిలబడి ఫోన్ చేశాడు. “అన్నా, గోడ అయిపోతనే లేదు. మీ ఫ్యాక్టరీ గింత పెద్దగుంటదా?” అన్నాడు.

ఎలాగో మా బొల్లారం చేరాక, ముందు లీకేజీ చూద్దామన్నాడు. సీఎన్‌జీకి సొంతంగా వాసన లేదు. లీకైతే తెలియాలని కావాలనే అందులో కుళ్లు కంపు కలుపుతారు. ఆ ఏర్పాటు చేసిన మహానుభావుడు ఒక్క రాత్రి మా ఊళ్లో పడుకుని ఉంటే ఇంకేదైనా ఉపాయం ఆలోచించేవాడు. ఇక్కడ ఫ్యాక్టరీల వాసన రాకపోతేనే జనం కిటికీ తీసి చూస్తారు. అందుకని మెకానిక్ ముక్కును నమ్మకుండా సబ్బునురగ చేసి పైపుల జాయింట్లన్నిటికీ పూశాడు. ఒక్క బుడగా లేవలేదు. సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరిచే ఉంది. మూడేళ్లకోసారి చేయించాల్సిన హైడ్రో టెస్టు ప్లేటు మీద తేదీ కూడా సరిగ్గానే ఉంది. ఫిల్టరులో కాస్త నూనె జిడ్డు కనిపిస్తే మార్చేసి, “గ్యాస్ల ఏం లేదన్నా, పెట్రోల్ సైడు చూపియ్యి” అని చేతులు తుడుచుకున్నాడు.

పెట్రోల్ మెకానిక్ ప్లగ్గులు మార్చి, ఎయిర్ ఫిల్టర్ దులిపి, ఇది గ్యాస్ వాళ్ల పనే అన్నాడు. ఎలక్ట్రీషియన్ స్కానర్ పెట్టి, ఇద్దరూ ఇద్దరేనన్నాడు. పైగా వీళ్ల దగ్గరికి తీసుకెళ్తే బండి బుద్ధిగా గ్యాస్ మీదే నడిచేది. ఎందుకు నడవదు? వాళ్ల షెడ్లు తెరిచేది పదకొండింటికి. జబ్బు వచ్చేది తెల్లారి ఆరింటికి. హైదరాబాద్ చుట్టుపక్కల చలి లెక్క చెప్పాల్సి వస్తే వాతావరణ శాఖ వాళ్లు చాలాసార్లు మా పక్కనున్న పటాన్‌చెరు పేరే చదువుతారు. ఆ చలిలో మెకానిక్ అన్నవాడు దుప్పట్లోంచి లేస్తాడా?

చివరికి పట్టుకున్నది మా డ్రైవరు. ఓ పొద్దున బండి బీప్‌మనగానే పక్కకు ఆపి, రెడ్యూసర్ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీశాడు. దాని ఒంటి మీద సన్నగా తెల్లటి మంచు పేరుకుంది. సిలిండర్లో 200 బార్ల ఒత్తిడితో ఉండే గ్యాస్‌ను సుమారు 2 బార్లకు దించే డబ్బా అది. అంత ఒత్తిడి ఒక్కసారి తగ్గితే గ్యాస్ నీళ్లను గడ్డకట్టించేంత చల్లబడుతుంది. అందుకే ఇంజనులో కాగిన నీళ్లను దాని చుట్టూ తిప్పుతారు. మా బండిలో ఆ నీళ్ల పైపు కొళాయి నీళ్లలా చల్లగా ఉంది. టెంపరేచర్ ముల్లు అడుగునే పడుకుంది.

బండిని రేడియేటర్ పనివాడి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన థర్మోస్టాట్ మూత విప్పి, వేలు పెట్టి తిప్పి, “ఇండ్ల ఏం లేదు గదన్నా” అన్నాడు. దాదాపు 80 డిగ్రీలు వచ్చేదాకా నీళ్లను రేడియేటర్లోకి పోనివ్వకుండా ఆపాల్సిన చిన్న వాల్వే ఆ థర్మోస్టాట్. ఎండాకాలం బండి వేడెక్కినప్పుడు మన మెకానిక్కులు మొదట చేసే వైద్యం దాన్ని పీకి పారేయడమే. పాత ఓనర్ మే నెలలో ఆ వైద్యం చేయించినట్టుంది. చలికాలం రాకముందే బండి మాకు అమ్మాడు. ఉన్నవన్నీ విప్పి చూసినవాళ్లకు లేనిది ఎలా దొరుకుతుంది? తప్పు గ్యాస్‌దీ కాదు, పెట్రోల్‌దీ కాదు, నీళ్లది. అప్పటిదాకా నీళ్ల శాఖ మంత్రిని ఎవరూ పిలవలేదు.

వాల్వ్ వేశాం. ఇప్పుడు బొల్లారం చౌరస్తా దాటకముందే గ్యాస్‌కి మారుతోంది. పెట్రోల్ వాడకపోతే పాడవుతుంది, ఇంజెక్టర్లు జామవుతాయి, వారానికోసారి కొంచెం దూరం పెట్రోల్ మీద నడపమని గ్యాస్ మెకానిక్ సలహా ఇచ్చాడు. మా డ్రైవరు ఆ సలహాను తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. ప్రతి ఆదివారం ఆ కొంచెం దూరం సరిగ్గా నర్సాపూర్‌లో వాళ్ల అత్తగారింటి ముందు పూర్తవుతోంది.