నిరుద్యోగ సంజీవని

మూలం:
ప్యాషనేట్ ఫుల్‌స్టాక్ డెవలపర్ | థాట్ లీడర్ | ఎక్స్–ఫలానా | లైఫ్‌లాంగ్ లెర్నర్ | హెల్పింగ్ బిజినెసెస్ స్కేల్ | ఇమ్మీడియట్ జాయినర్

అవతారిక. లింక్డిన్‌లో ప్రతి పేరు కిందా హెడ్‌లైన్ అనే ఇలాంటి శ్లోకం ఒకటి వేలాడుతూ ఉంటుంది. గ్రంథారంభంలో అనుబంధ చతుష్టయం చెప్పడం పెద్దల ఆచారం కాబట్టి చెబుతున్నాం. విషయం: తాను. ప్రయోజనం: రిక్రూటర్ కంట పడటం. సంబంధం: ప్రస్తుతానికి ఏమీ లేదు, కనెక్ట్ నొక్కితే ఏర్పడుతుంది. అధికారి: ఉద్యోగం లేనివాడు, ఉండీ నిద్రపట్టనివాడు.

రఘువంశానికీ మేఘదూతానికీ సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమలోని కొల్చారం వాడు. ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ముందే మాట ఇచ్చి పనిలోకి దిగాడు. వ్యాఖ్యాత తనకు పెట్టుకున్న ఈ నియమాన్ని మూలకర్తలకూ పెడితే లింక్డిన్‌లో ఫొటోలు తప్ప ఏమీ మిగలవు. ఆ ఫొటోల్లో కోటు కూడా ఈమధ్య ఏఐ తొడిగినదే.

ఛందస్సు. ఉత్పలమాలకు పాదానికి 20 చొప్పున నాలుగు పాదాలకు 80 అక్షరాలు. ఈ హెడ్‌లైన్ వృత్తానికి పరిమితి 220, అదీ ఖాళీలతో, నిలువుగీతలతో కలిపి. గణాలు లేవు, యతి లేదు. ప్రాస ఉంది, దేశంలోని హెడ్‌లైన్లన్నింటికీ ఒకటే ప్రాస. శ్లోకంలో సగానికి ఒంటి గీత, చివర జంట గీత గీయడం మనకు తెలుసు. ఇక్కడ అన్నీ ఒంటి గీతలే. అంటే శ్లోకం ఇంకా పూర్తికాలేదని, ఆఫర్ లెటర్ వచ్చిననాడు కర్తే వచ్చి జంట గీత గీస్తాడని సంప్రదాయజ్ఞులు.

ప్రతిపదార్థం. ప్యాషనేట్: స్పష్టం, విడిచితిమి. ఫుల్‌స్టాక్: ముందుపనీ వెనకపనీ ఒక్క జీతానికి చేయువాడు. థాట్ లీడర్: ఇంకొకరు అనవలసిన మాట. నింజా, గురు, ఎవాంజెలిస్ట్ అని పాఠాంతరాలు. అమీర్‌పేట ప్రతిలో ‘ఆస్పైరింగ్’ అని ఉంది. ఉన్న పాఠాల్లో నిజాయితీ గలది అదొక్కటే.

ఎక్స్–ఫలానా. ఇక్కడ కొంత ఆగాలి. మాజీ అని దీని భావం. వదిలేసిన కంపెనీ పేరును, ఒక్కోసారి తనను వదిలించుకున్న కంపెనీ పేరును, నుదుట పెట్టుకు తిరగడం వింతగా తోచవచ్చు. దీనికి శాసనప్రమాణం ఉంది. కాకతీయులు స్వతంత్రులు కాకముందు కల్యాణి చాళుక్యులకు సామంతులు, అప్పటి హోదా మహామండలేశ్వరుడు. 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం వేయించేనాటికి రుద్రదేవుడు ఎవరి కిందా లేడు. అయినా ఆ వంశం శాసనాల్లో మహామండలేశ్వర బిరుదు ఆ తర్వాత కూడా కనిపిస్తూనే ఉంటుంది. యజమాని పోయినా డిజిగ్నేషన్ పోలేదు.

ఆ శాసనాల్లోని ప్రశస్తి వరస చూడండి: సమధిగత పంచమహాశబ్ద, మహామండలేశ్వర, అనుమకొండ పురవరాధీశ్వర, పరమమాహేశ్వర, పతిహితచరిత, వినయవిభూషణ. మధ్యలో గీతలు గీస్తే చాలు. పంచమహాశబ్దాలంటే ప్రభువు అనుగ్రహించగా మోగించుకునే ఐదు వాద్యాలు. ఇప్పటి ఎండార్స్‌మెంట్లు ఆ కోవలోవే. కాకపోతే నువ్వు నాకు జావా కొట్టు, నేను నీకు పైథాన్ కొడతా అనే ఒప్పందం మీద మోగుతాయి. పురవరాధీశ్వర అన్నది లొకేషన్. పతిహితచరిత అంటే ఏలినవారి మేలుకోరి నడుచుకునేవాడు, టీమ్ ప్లేయర్. ఇక వినయవిభూషణ. వినయమే నగగా గలవాడట, ఆ సంగతి రాతి మీద చెక్కించాడు. అవార్డు ఫొటో కింద ‘హంబుల్డ్’ అని రాసేవాళ్లను చూసి విసుక్కునేవారు ఈ ఎనిమిది వందల ఏళ్ల వంశవృక్షాన్ని గుర్తుంచుకోవాలి.

శాసనానికి మరో మర్యాద ఉంది. బిరుదులు ఎంత సాగినా, అవి అయిపోయాక అసలు సంగతి వస్తుంది. ఏ దేవుడికి ఎన్ని మర్తురుల భూమి, అది ఏ చెరువు వెనక, తూర్పున ఏ రాయి ఎల్ల, పడమట ఏ వాగు, దీపానికి నెయ్యి ఎక్కడినుంచి. చిట్టచివర, ఈ భూమిని కాజేసినవాడు అరవైవేల ఏళ్లు పురుగై పుడతాడని శాపం. అనుమానం ఉన్నవాడు పొలానికి పోయి ఎల్లరాయి చూసుకోవచ్చు. ఆ నమ్మకం మీదే బిరుదులను క్షమించాం.

మూలాన్ని ఎక్కడో వదిలేశాం. మన కర్తకు బిరుదులయ్యాక ‘అబౌట్’ అని 2600 అక్షరాల చోటు ఉంది. అందులో మళ్లీ బిరుదులే. చేసిన పనికి ఎల్లలు చెప్పడు. చెప్పలేడు కూడా, క్లయింట్ పేరు బయటపెట్టనని సంతకం చేయించుకున్నారు. అర్ధరాత్రి పేమెంట్లు ఆగిపోతే కూర్చుని, తెల్లారేసరికి సర్వర్లను నిలబెట్టిన అమ్మాయి ఆ సంగతి ఏ బిరుదు కింద రాసుకోవాలి? రిక్రూటర్ వెతుకులాట పెట్టెలో ‘నిలబెట్టింది’ అని కొట్టడు. జావా, స్ప్రింగ్ బూట్, ఏడబ్ల్యూఎస్, ఐదు నుంచి ఎనిమిదేళ్లు, హైదరాబాద్ అని కొడతాడు. ఆ మాటలు ప్రొఫైల్లో లేకపోతే ఆ అమ్మాయి పుట్టనట్టే.

లైఫ్‌లాంగ్ లెర్నర్: కొత్తది నేర్వకపోతే తీసేస్తారని ఎరిగినవాడు. హెల్పింగ్ బిజినెసెస్ స్కేల్: ఏ వ్యాపారం, ఎంత పెరిగింది అని అడిగితే రసభంగం.

అన్వయం. మూలంలో సమాపక క్రియ లేదు. హెల్పింగ్ అసమాపకం, లెక్కలోకి రాదు. లేని క్రియను బయటినుంచి తెచ్చి వేసుకోవడం అధ్యాహారం. ‘ఉన్నాడు’ అని వేయమని కొందరు. డెవలపర్ ఉన్నాడు, ఉంటే ఏం? ‘ఇప్పించండి’ అని వేయాలని మా మతం. అప్పుడు ప్యాషనేట్ అయిన నాకు, థాట్ లీడర్నైన నాకు ఉద్యోగం ఇప్పించండి అని వాక్యం చక్కగా కుదురుతుంది. ఇన్ని గీతలు గీసింది ఆ ఒక్క మాట నోటితో అనకుండా ఉండటానికే. అనేస్తే రేటు పడిపోతుందని భయం. 2020లో లింక్డిన్ ఆ మాటను ఓపెన్ టు వర్క్ అనే పచ్చ చట్రంగా చేసి ఫొటో చుట్టూ తగిలించుకోమంది. తగిలిస్తే దిక్కులేనివాడిలా కనబడతావని ఒక సలహాదారు, తగిలించకపోతే ఎలా తెలుస్తుందని ఇంకొకరు. రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకునే వీలూ ఉంది. నీ సొంత కంపెనీవాళ్ల కంట పడకుండా చూస్తాం గాని పూర్తిగా హామీ ఇవ్వలేం అని పక్కనే రాసి ఉంటుంది.

ఇమ్మీడియట్ జాయినర్. శంక: మన ఐటీ కంపెనీలు చాలావాటిలో నోటీస్ పీరియడ్ 90 రోజులు కదా, రేపే చేరగలవాడు ఎక్కడుంటాడు? సమాధానం: మానేసినవాడో, మాన్పించబడినవాడో అయి ఉంటాడు. శంక: అట్టివాడిని గ్యాప్ ఎందుకొచ్చిందని నిలదీస్తారు కదా? సమాధానం: నిలదీస్తారు. శంక: తన మనిషిని 90 రోజులు కదలనివ్వని కంపెనీ, పక్క కంపెనీ మనిషి రేపు పొద్దున రావాలనడం విరుద్ధం కాదా? సమాధానం: విరోధాభాసాలంకారం.

కాదు, అలంకారమూ కాదు ఏమీ కాదు. అద్దె, ఈఎంఐ నెత్తిమీద ఉన్నవాణ్ణి చేతిలో ఆఫర్ లేకుండా రాజీనామా పెట్టి రమ్మంటున్నారు. వస్తే మూడు నెలల పేస్లిప్పులు అడిగి, పాత జీతం మీద ఇంత శాతం అని బేరం పెడతారు. నాలుగు రౌండ్లు తిప్పాక పలకరు. తీసుకోవడం లేదు అన్న రెండు ముక్కలు రాయడానికి కూడా చెయ్యి రాదు. వాళ్ల పేజీలో మాత్రం ‘పీపుల్ ఫస్ట్’ అని ఉంటుంది. ఆ బిరుదుకు వ్యాఖ్య రాసే ఓపిక మల్లినాథుడికీ ఉండదు.

ఫలశ్రుతి. ఈ హెడ్‌లైన్‌ను నిత్యం ప్రాతఃకాలమందు సవరించువానికి (నౌకరీ డాట్ కామ్‌లో అయితే ఒక ఫుల్‌స్టాప్ తీసి, మర్నాడు మళ్లీ పెట్టి, సేవ్ నొక్కిన చాలును) ఈ వారం మీరు పలు సెర్చ్‌లలో కనిపించితిరి అని సందేశము వచ్చును. తనను చూచినవారి పట్టిక పూర్తిగా చూడగోరువాడు ప్రీమియం కట్టవలెను. కట్టినవానికి ముగ్గురు దర్శనమిత్తురు. ఒకడు రెజ్యూమె రాసిపెట్టువాడు, ఒకడు పాలసీ ఏజెంటు, మూడవవాడు కాలేజీ క్లాస్‌మేటు. ఆ మూడవవాడు మాత్రము తప్పక మెసేజ్ పెట్టి, రిఫరల్ ఇప్పించగలవా మామా అని అడుగును.