పుంజుకూతకు టీకాతాత్పర్యములు

మూలము: పుంజు కూసినది, పెట్ట ఊరకున్నది.

టీక: పుంజు = నెత్తిమీద నెఱ్ఱని జుట్టును, గడ్డముక్రింద వ్రేలాడు తోలుతిత్తులును, కాలిముల్లును, కొడవలివలె వంగిన తోకయీకలును గల తామ్రచూడము; కూసినది = తన యునికిని ఇరుగుపొరుగులకు, వారు కోరినను కోరకున్నను, వెల్లడించినది; పెట్ట = గ్రుడ్డు పెట్టునది; ఊరకున్నది = గింజ లేఱుకొనుచున్నది. గ్రుడ్డు పెట్టిన పిదప పెట్టయు గొంతెత్తుట లోకవిదితమే కాని, అది చేసిన పనిని చెప్పుకొనుట గనుక కూతలలో లెక్కింపరాదు.

విశేషార్థము: జుట్టు లేకున్నను సంతానము కలుగును గదా, ఈ యాడంబరము పుంజునకు ఏల కలిగెనన్న శంకకు, పెట్టల వలపును పుంజుల పోరును తరతరములుగా దీనిని పెంచినవని డార్విను 1871లో సమాధానము చెప్పెను. ఎట్లు కలిగెనన్న శంకను అంతకుముందే, 1849లో, జర్మనీదేశపు గాటింగెన్ నగరమున బెర్తోల్డ్ అను పండితుడు ఆఱు పుంజుపిల్లలతో తీర్చియుండెను. వృషణములు బొత్తిగా పోయినవి జుట్టు వాడి, కూత మఱచి, పోరు మాని సాధువులు కాగా, ఊడదీసిన వృషణము మరల ప్రేవులనడుమ నుంచబడినవి, దానికి పూర్వపు నరములతో సంబంధము తెగిపోయినను రక్తనాళములు క్రొత్తగా పుట్టుటచే, యథావిధిగా జుట్టు పెంచి, కూసి, కలహించినవి. కావున పుంస్త్వమును దేహమంతట చాటునది నరము కాదు, నెత్తుటిలో కలియు వస్తువని ఆయన నిర్ణయించెను. ఆ జాతి రసములలో నొకదానిని 1931లో బూటెనాంట్ అను శాస్త్రజ్ఞుడు 15,000 లీటర్ల పోలీసుల మూత్రమునుండి 15 మిల్లీగ్రాములుగా రాబట్టెను. రక్షకభటులు లోకమునకు చేసిన సేవలలో దీనిని తగినట్లు కొనియాడినవారు లేరు. ఇట్టి రసముల సత్తువను కొలుచుటకు శాస్త్రజ్ఞులు వాడిన త్రాసు, వృషణములు తీసిన పుంజు నెత్తిమీద మరల పెరుగు జుట్టే.

పూర్వపక్షము: అట్లయిన తోకసింగారమును ఆ రసప్రసాదమే కావలెను.

సమాధానము: కాదు. వృషణములు తీసిన పుంజు జుట్టును కూతను పోగొట్టుకొనును గాని, తోకయీకలను, కాలిముల్లును పోగొట్టుకొనదు. అండాశయము తీసిన పెట్టయో, ఈకలు రాల్చి క్రొత్తవి తొడుగుకొను తరుణమున పుంజువేషము తాల్చును. పెట్టయొక్క సాదాతనమే అండాశయరసము శ్రమపడి కల్పించినది. సింగారము ఎవరును కల్పించుకొననప్పుడు తనంత తాను మిగులునది. సెబ్రైట్ అను ఇంగ్లీషుజాతి పుంజునకు చర్మమే పురుషరసమును స్త్రీరసముగా మార్చివేయుటచే, వృషణములుండియు పెట్టయీకలే. పెట్టపోలిక గల పుంజును మన పందెగాండ్రు పెట్టమారు అందురు. ఈకలను చూచి దానిని తక్కువ చేయరు.

మనుష్యులలో ఈ చిక్కు లేదు. బాలుని మీసకట్టును, స్వరతంత్రులు దళసరియై గొంతు మాఱుటయు పురుషరసాయత్తములే. కావున మీసము దువ్వువారు దువ్వవచ్చును, పుంజుతోకను మాత్రము తమకు సాక్ష్యముగా పిలువరాదు.

పాఠాంతరము: ‘పుంజు గ్రుడ్డు పెట్టినది’ అని స్విట్జర్లాండులోని బాసెల్ ప్రతి. 1474లో ఆ నగరమున ఈ యపరాధమునకు ఒక పుంజును విచారించి గ్రుడ్డుతో కూడ కాల్చివేసిరి. అది పుంజువేషము తాల్చిన పెట్టయై యుండునని నేటివారి యూహ. న్యాయాధిపతులు తోకను చూచి తీర్పు చెప్పిరి.