పాలిష్ మేస్త్రీ

ఆమడగూరులో మా బావ కొత్తింటి తలుపులకు పాలిష్ కొట్టడానికి వచ్చిన మేస్త్రీకి స్ప్రే గన్నంటే ప్రాణం.

పీయూ పాలిష్‌కు రెండు డబ్బాలు. ఒకదాంట్లో రెజిన్, ఇంకోదాంట్లో హార్డనర్. రెండూ కలిపాక కొన్ని గంటల్లో గట్టిపడుతుంది. గన్నులో మిగిలిపోతే అక్కడే రాయవుతుంది, ఆ తర్వాత థిన్నర్‌కు కూడా లొంగదు. అందుకని గన్ను కడిగాకే ఆయన అన్నం ముట్టేది. కప్పులో మిగిలింది వంచేసి, థిన్నర్ పోసి, తేటగా వచ్చేదాకా కొట్టేవాడు. నీడిల్, నాజిల్ విప్పి మెత్తటి బ్రష్‌తో తోమేవాడు. కుర్రాడు నాజిల్ బెజ్జంలో ఇనుపతీగ పెట్టబోతే, "నీ చెవనుకున్నావేంరా? గీత పడితే స్ప్రే వంకర పోతాది!" అని కసిరాడు. గన్ను మొత్తాన్ని థిన్నర్‌లో నానేసినందుకైతే వాడికి ఆ పూట టీ కూడా లేదు. వాషర్లు ఉబ్బిపోతాయట. పొద్దుగూకితే కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరిన నీళ్లు కూడా తానే వదిలేవాడు.

ఇక తన ముక్కుకంటారా, ఓ పాత తువ్వాలు. మాటకో దగ్గు, రాత్రయితే పిల్లికూతలు. ఆ హార్డనర్‌లో ఐసోసయనేట్లుంటాయి. స్ప్రే పనివాళ్లకు ఉబ్బసం తెప్పించడంలో అవి పేరుమోసినవి. తువ్వాలు తుంపర్లను ఏ కొంతో ఆపుతుందేమో గానీ ఆవిరిని ఆపదు. ఆ మాటే చెప్తే, "ఇన్నేండ్లకు ఏమైంది సార్?" అని నవ్వబోయి దగ్గాడు.

మా బావ ఉండబట్టలేక కదిరి నుంచి మాస్కు తెప్పించాడు. రెండు పక్కలా బొగ్గు ఫిల్టర్లున్న రబ్బరు మాస్కు. "నాకెందుకు సామీ ఇంత ఖరీదుది" అంటూనే మేస్త్రీ కళ్లకద్దుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాం.

వారం తిరక్కుండా మళ్లీ వెళ్తే, తలుపులకు చివరి కోటింగ్ అప్పుడే అయింది. ఇల్లంతా ఘాటు. మూతికి అదే తువ్వాలు. దగ్గుకుంటూ గన్ను కడుగుతున్నాడు.

"మాస్కేదప్పా?"

"దినామూ వాడతాండా సార్."

గన్నును బట్టతో తుడిచి మేకుకు తగిలించాడు. సంచిలోంచి మాస్కు తీసి, జాగ్రత్తగా గన్ను మూతికి తొడిగి, ఎలాస్టిక్ బిగించాడు.

"దుమ్ము పోతే పాడైపోతాది గదా!"