అద్దం దించి...

విశాఖ నుంచి కుర్రకారు కార్లు కట్టుకుని ఉద్దానం తీరానికొస్తోంది. రానివ్వండి. పలాసలో జీడిపప్పు బేరమాడి, బారువ ఇసుకలో సెల్ఫీలు దిగి, కొబ్బరితోటల్లో ‘స్వర్గం’ అని స్టేటస్ పెట్టి, వెంట తెచ్చుకున్న సీసా నీళ్లే తాగి వెళ్తారు. తెలివైనవాళ్లే! ఇక్కడి కిడ్నీ జబ్బుకు అసలు కారణమేమిటో శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేదు మరి.

నాయకుల కాన్వాయ్‌లదీ అదే రూటు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటల్ని కూల్చినప్పుడు చూడాలి ఆ రద్దీ! తేలినీలాపురానికి వలసొచ్చే కొంగలు నయం. వస్తే నెలల తరబడి ఉంటాయి, గూడు కట్టి పిల్లల్ని పెంచుతాయి. వీళ్లు అద్దం దించి చెయ్యూపుతారు.

అన్నట్టు, 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆస్పత్రి కూడా పలాసలోనే ఉంది. జీడిపప్పు కొన్నాక అటూ ఓసారి వెళ్లిరండి, బాబూ.