దైవచిత్తం, సాధారణ మెజారిటీ

ఒక చర్చి ఉదారంగా ఎందుకు మారింది, ఇంకోటి ఛాందసంగా ఎందుకు మిగిలింది అని పండితులు గ్రంథాలు రాస్తున్నారు. గ్రీకు మూలం అంటారు, హీబ్రూ ధాతువు అంటారు. అంత శ్రమ దేనికండీ? కుర్చీ ఎవరిదో చూడండి. ఓట్లు ఎటు పడ్డాయో చూడండి. మిగతాదంతా ప్రసంగమే.

ముందు ఉదారుల సంగతి. ఇంగ్లండ్ చర్చిలో మహిళలు బిషప్పులు కావచ్చా? 2012 నవంబరులో దాని పాలకసభ సినడ్ కాదంది. ఆరు ఓట్లు తక్కువయ్యాయి. పార్లమెంటు గుడ్లురిమింది. సమానత్వ చట్టం నుంచి మీకెందుకు మినహాయింపని ఎంపీలు నిలదీశారు. లార్డ్స్ సభలో 26 మంది బిషప్పులకు సీట్లున్నాయి మరి! 2014 జూలైకల్లా దైవచిత్తం మారిపోయింది. ఈలోగా 2013లోనే మన నంద్యాల డయాసిస్‌లో పుష్పలలితగారు బిషప్పయి కూర్చున్నారు. పాఠం చెప్పినవాళ్లు అక్కడింకా ఓట్లు లెక్కబెట్టుకుంటున్నారు. 2023లో స్వలింగ జంటల్ని దీవిస్తామన్నారు. పెళ్లి మాత్రం చెయ్యరట. అక్షింతలు వేస్తారు, తాళి కట్టనివ్వరు. ఇదేం వరస?

అటు అమెరికాలో సదరన్ బాప్టిస్టులు. అక్కడి ప్రొటెస్టెంట్లలో అతి పెద్ద కూటమి. పుట్టింది 1845లో, జార్జియా రాష్ట్రంలో. గొడవ దేనిమీద? త్రిత్వం మీదా? బాప్తిస్మం మీదా? కాదు. బానిసల్ని కొనుక్కున్న పెద్దమనిషి మిషనరీగా పనికొస్తాడా రాడా అని! ఉత్తరాదివాళ్లు రాడన్నారు. (మన నెల్లూరు మిషన్ వాళ్ల వాటాకే పోయింది, బతికిపోయాం.) దక్షిణాదివాళ్లు బైబిలు చంకన పెట్టుకుని వేరు కుంపటి పెట్టారు. తప్పయిందని అనడానికి 1995 దాకా ఆగారు. నూటయాభై ఏళ్లు! పశ్చాత్తాపానికి తొందరేముంది?

ఈ కూటమి ఎప్పుడూ ఇంత బిగుసుకుని ఉందనుకోకండి. కొన్ని సందర్భాల్లో అబార్షన్‌కు చట్టం వీలివ్వాలని 1971లో తీర్మానం చేసిందీ వీళ్లే. మరి ఏమైంది? 1979లో హ్యూస్టన్‌లో కూటమి సభ అయింది. ఛాందసవర్గం కిటుకు పట్టేసింది. కూటమి అధ్యక్షుడు ఒక కమిటీ వేస్తాడు. అది ఇంకో కమిటీకి పేర్లిస్తుంది. ఆ కమిటీ సెమినరీల ట్రస్టీలను ప్రతిపాదిస్తుంది. అంటే, అధ్యక్ష పదవి వరసగా గెలుస్తూ పోతే చాలు, పాఠం చెప్పే ప్రొఫెసరు దాకా అందరూ మనవాళ్లే. 1985 డల్లాస్ సభకు 45 వేల మందికి పైగా ప్రతినిధులొచ్చారు. పరిశుద్ధాత్మ దిగిందో లేదో గానీ, జనం మాత్రం దిగారు. హౌసింగ్ సొసైటీ ఎన్నికలు చూసినవాళ్లకు ఇదంతా విడమరిచి చెప్పాలా?

గెలిచాక 2000లో పాస్టరు పదవి మగవాళ్లకేనని విశ్వాస ప్రకటనలో రాసేసుకున్నారు. జీవితమంతా ఆదివారం బడిలో పాఠాలు చెప్పిన మాజీ దేశాధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దండం పెట్టి బయటికొచ్చాడు. పోతే పోనీ అన్నారు.

ఇక అసలు నాటకం. లైంగిక దాడులు చేసిన పాస్టర్ల జాబితా ఒకటి పెట్టండయ్యా, ఈ ఊళ్లో పాడుపని చేసినవాడు ఆ ఊళ్లో వేదిక ఎక్కకుండా ఉంటాడు అని బాధితులు మొత్తుకున్నారు. 2008లో పెద్దలేమన్నారు? అబ్బే, ఏ సంఘానికదే స్వతంత్రం, మాకేం అధికారముంది అన్నారు. ఆహా, ఏం వినయం! 2022లో విచారణ నివేదిక బయటికొచ్చింది. జాబితా ఉంది! ఆరోపణలొచ్చినవాళ్ల పేర్లు 700కు పైగా, ఆ పెద్దల ఆఫీసులోనే, ఏళ్ల తరబడి. రాసుకున్నారు. దాచుకున్నారు. అంతే.

మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని శాడిల్‌బ్యాక్ చర్చి ఆడమనిషిని పాస్టరుగా పెట్టుకున్నందుకు శిక్షకు గురైంది. మరి ఏ సంఘానికదే స్వతంత్రం కదా? ఏ గంగలో కలిసిందా స్వాతంత్ర్యం? సభ ఓటేసింది. గెంటేసింది.

ఆ జాబితా మాటా? పెడతామని 2022లోనే సభ ఓటేసింది. 2025 ఫిబ్రవరిలో పెద్దలు సెలవిచ్చారు: ప్రస్తుతానికి మా దృష్టి దానిమీద లేదు.