కర్బన లెక్క రాసేవారు చెవిన పెట్టకూడని ఐదు సలహాలు

వేములవాడ ఇళ్లకు, సిరిసిల్ల సాంచాలకు, చుట్టుపక్కల బోరు మోటర్లకు కరెంటు ఇచ్చేది 1970లో మొదలైన సహకార సంఘం సెస్. అది తెలంగాణ ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) దగ్గర కొని మనకు అమ్ముతుంది. ఆ కరెంటు వచ్చే గ్రిడ్‌కు బొగ్గు కరెంటు పంపే పెద్ద కేంద్రాల్లో ఒకటి పెద్దపల్లి జిల్లాలోని రామగుండం ఎన్టీపీసీ. లిస్టయిన కంపెనీల్లో మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యికీ 2022–23 నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ బాధ్యతా నివేదికను తప్పనిసరి చేసింది. ఆ వెయ్యిలో ఒకటైన ఎన్టీపీసీ ఏటా అందులో కర్బన లెక్క రాయాలి. అలాంటి లెక్క రాయబోయే ఇంజినీర్లకు, అకౌంటెంట్లకు చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహాలు కొన్ని ఉంటాయి. వినడానికి తెలివైనవే, పాటిస్తే మాత్రం లెక్క చెడుతుంది.

1. “యూనిట్‌కు ఎంతో చెప్పు, మొత్తం ఎంతో చెప్పకు.”

రామగుండంలో పాత కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు. దాని పక్కనే 800 మెగావాట్ల కొత్త యూనిట్లు రెండు వచ్చాయి. కొత్తవి యూనిట్ కరెంటుకు తక్కువ బొగ్గు కాలుస్తాయి కాబట్టి సగటు తగ్గుతుంది. పాతవి ఆగకుండా కొత్తవి తోడైతే మొత్తం పొగ పెరుగుతుంది. ఎండలు ముదిరేది ఆ మొత్తంతోనే. రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. ఏ సంవత్సరంతో పోలుస్తున్నారో ముందే చెప్పి, ఏటా దాన్నే పట్టుకోండి.

2. “నీటి మీది సోలార్‌ను ముందు పేజీలో పెట్టు.”

రామగుండం రిజర్వాయరు మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ 2022 జులైలో పూర్తయింది. మెచ్చుకోవాల్సిన పనే. కానీ దాని వెనుకనున్న బొగ్గు యూనిట్లు 4,200 మెగావాట్లు. అవి రాత్రి కూడా నడుస్తాయి, సోలార్ నడవదు. బొమ్మ వేస్తే రెండింటినీ ఒకే కొలతలో వేయండి. ముందు పేజీలో ఉండాల్సింది ఏడాదిలో కాల్చిన బొగ్గు, వదిలిన కార్బన్ డయాక్సైడ్.

3. “పొయ్యి మనది కాదు, లెక్కా మనది కాదు.”

కరెంటు కొని అమ్మేవాళ్లకు ఈ మాట బాగా నచ్చుతుంది. అంతర్జాతీయ పద్ధతి మాత్రం దీన్ని ఒప్పుకోదు. సొంత పొయ్యి పొగ స్కోప్ 1. సొంత తీగల్లో పోయిన కరెంటు తాలూకు పొగ స్కోప్ 2. కొని వినియోగదారులకు అమ్మినది స్కోప్ 3. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం దేశ గ్రిడ్‌లో యూనిట్‌కు సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో మిడ్ మానేరు వైపు నీళ్లెత్తే లక్ష్మీపూర్ గాయత్రి పంపుహౌస్‌లో ఒక్కో మోటరు 139 మెగావాట్లు. ఒక్కటి నిండు లోడుతో గంట నడిస్తే, ఆ సగటున, దాదాపు 97 టన్నులు. పొయ్యి రామగుండంలో ఉన్నా, మరెక్కడ ఉన్నా, ఆ నీళ్ల లెక్కలో ఈ పొగ కూడా ఉండాలి.

4. “మీటరు లేనిచోట అంచనా వేసి ముందుకు పో.”

వ్యవసాయ మోటర్లకు మీటర్లు లేవు, కాబట్టి వాడకం అంచనాయే. ఆ అంచనా పెంచి రాస్తే తీగల్లో నష్టం తక్కువగా కనిపిస్తుంది. నష్టంతో పాటు స్కోప్ 2 కూడా తగ్గిపోతుంది. వడ్ల కాంటా దగ్గర తరుగు ఎంత తీశారో, ఎందుకు తీశారో రాసిమ్మని రైతు అడిగినట్టే ఇక్కడా అడగాలి. అంచనా వేయక తప్పదు. ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్ల మీటర్లు చూసి వేశారో, ఎంత అటూఇటూ కావచ్చో దాని పక్కనే రాయండి.

5. “మొక్కలు నాటాం కదా, అంత తీసేయ్.”

500 మెగావాట్ల బొగ్గు యూనిట్ పూర్తి లోడుతో గంట నడిస్తే దాదాపు 500 టన్నులు వదులుతుంది. మొక్క అందులో తన వాటా పీల్చడానికి ఏళ్లు పడుతుంది, అదీ బతికితేనే. నాటినవాటిని వేరే పట్టికలో రాసి, మూడేళ్ల తర్వాత ఎన్ని మిగిలాయో చెప్పండి. పొగ లెక్కలోంచి ఒక్క టన్ను కూడా తీసేయకండి.

ఈ సలహాలన్నీ కోరేది ఒక్కటే, అంకె చిన్నగా కనిపించడం. నివేదిక పని అది కాదు. ఏ పొయ్యిని ముందు ఆపాలో, ఏ లైను ముందు బాగుచేయాలో తేల్చుకోవడానికే ఈ లెక్క. అంకె తప్పితే డబ్బు తప్పుడు చోట ఖర్చవుతుంది, ఎండ మాత్రం మన మీదే పడుతుంది.

సెస్ లిస్టెడ్ కంపెనీ కాదు, సెబీ నిబంధన దానికి వర్తించదు. కానీ అది సభ్యుల సంఘం, పాలకవర్గాన్ని మనమే ఓట్లేసి ఎన్నుకుంటాం. కొన్న యూనిట్లు, తీగల్లో పోయిన యూనిట్లు, వాటి కర్బనం ఒక్క పేజీలో తెలుగులో ఇమ్మని వచ్చే సర్వసభ్య సమావేశంలో అడగండి. కొన్న యూనిట్ల బిల్లులు ఆఫీసులో ఉన్నాయి, గ్రిడ్ సగటు ప్రభుత్వమే ప్రకటిస్తోంది. ఆ పేజీ రాయడానికి ఇంకెవరి అనుమతీ అక్కర్లేదు.