ఐ ప్లస్ ప్లస్ ఇంజినీరింగు

ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్లో నిలబడి తలెత్తితే చాలు, మన పిల్లల భవిష్యత్తు ఇంజినీరింగు కాలేజీల ఫ్లెక్సీల మీద రెపరెపలాడుతుంటుంది. ఏఐ, మెషీన్ లెర్నింగ్, డేటా సైన్స్. పక్కనే నార్ల తాతారావు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. గురి రెండిటిదీ ఆకాశమే. కరెంటు మాత్రం ఒకదాంట్లోంచే వస్తోంది.

క్లాసులోకి వెళ్దాం. లక్ష సంఖ్యలు కూడాలి. లెక్చరర్ గారు ఫర్ లూప్‌ని బోర్డెక్కిస్తారు: ఐ ఈక్వల్స్ జీరో, ఐ లెస్ దాన్ ఎన్, ఐ ప్లస్ ప్లస్. ఒకటి తియ్యి, కలుపు, వెనక్కి రా, ఇంకోటి తియ్యి. డెల్టాలో ఏ మేస్త్రీ అయినా నాట్లు ఇలా వేయిస్తాడా? ఒక్క మనిషిని మళ్లో దింపి, మొక్క నాటిన ప్రతిసారీ గట్టెక్కి "ఒకటైందండీ" అని చెప్పి పొమ్మంటాడా? అందరూ ఒక్కసారే దిగుతారు. ఎవరి వరుస వాళ్లది, పక్క వరుసలో చెయ్యి పెట్టరు.

హాస్కెల్ లాంటి ఫంక్షనల్ భాషల కట్టుబాటూ ఇదే. ఇచ్చిన విలువను ఎవరూ చెరిపి రాయరు. అందుకే మ్యాప్ అంటే చాలు, అర్రే (సంఖ్యల వరుస) మొత్తం మీద పని ఒకేసారి జరిపించొచ్చు. రెడ్యూస్ అంటే జతలు జతలుగా కూడుతూ రావడం. చేతులు చాలినన్ని ఉంటే 1,024 సంఖ్యలు 10 మెట్లలో తేలిపోతాయి. (తీసివేతని ఇలా జతలు కడితే లెక్క తప్పుతుంది. ఆ సంగతి చెప్పాలన్నా ముందు ఫర్ లూప్ దాటాలి కదా!)

ఇదేమీ నిన్న పుట్టిన వింత కాదు. అర్రే మొత్తం కూడటానికి రెండు గుర్తులు చాలని కెన్నెత్ ఐవర్సన్ 1962లోనే పుస్తకం రాసి చూపించాడు. ఫోర్ట్రాన్‌ని కన్న జాన్ బ్యాకస్, 1977లో ట్యూరింగ్ అవార్డు అందుకుంటూ, ఒక్కో విలువనూ మోసుకొచ్చే ఈ పద్ధతినే ఉతికి ఆరేశాడు. 2004లో గూగుల్ మ్యాప్‌రెడ్యూస్ అని పేపరు అచ్చేసింది, ఆ ఆలోచన లిస్ప్ భాష దగ్గర అరువు. కోపెన్‌హాగన్ యూనివర్సిటీ వాళ్లు ఫ్యూథార్క్ అనే చిన్న ఫంక్షనల్ భాషనే జీపీయూల మీద పరిగెత్తిస్తున్నారు. ఆ ఫ్లెక్సీల మీది ఏఐకి కూడా అడుగున ఉన్నది జీపీయూలోని వేల కోర్లు కలిసి చేసే మ్యాట్రిక్స్ గుణకారాలే.

మన దగ్గర ప్రశ్న ఒక్కటే: "ఇంటర్వ్యూలో అడుగుతారా సార్?" అడగరు గనక చెప్పరు, చెప్పరు గనక అడగరు. తనిఖీ బృందం వచ్చిన రోజున జీపీయూ గది తలుపు తీస్తారు. యంత్రం ఫొటో దిగుతుంది, మళ్లీ తాళం. లెక్చరర్ని అని ఏం లాభం, ఆయనా ఆ ఫర్ లూపుల రికార్డే రాసి పాసయ్యాడు.

కౌన్సెలింగుకు వెళ్లే అమ్మానాన్నలూ, ప్లేస్‌మెంట్ల చిట్టా తర్వాత చూడొచ్చు. ఆ ల్యాబు తాళంచెవి ఎవరి దగ్గరుందో, పోయిన సెమిస్టర్లో పిల్లలు దాని మీద ఏ ప్రోగ్రాం నడిపారో అడగండి. జవాబు రాకపోతే ఫీజు కట్టకండి.